నాలుగో మనిషి

రాధారాణిని కమిటీలో వేసుకోవడానికి కారణం ఒక స్టాప్ సైన్. లిండెన్‌ఫర్డ్‌లో ఎలిమెంటరీ స్కూల్ ముందు మలుపు దగ్గర కార్లు ఆగకుండా దూసుకుపోతున్నాయని రెండేళ్ల కిందట ఆమె సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడింది. ఊరికే మాట్లాడలేదు. పదిరోజుల పాటు పొద్దున్నే వెళ్లి ఆ మలుపు దగ్గర కారులో కూర్చుని, ఆగిన కార్లెన్నో ఆగనివెన్నో రాసుకుని మరీ వెళ్లింది. నెల తిరక్కుండా స్టాప్ సైన్ వచ్చింది. ఆ సంగతి మేయర్‌కి గుర్తుండిపోయింది.

అందుకే ఈ మార్చిలో ఆ మేయరే రాధారాణికి ఫోన్ చేసింది.

లిండెన్‌ఫర్డ్ క్యారీ నగరానికి ఇరవై అయిదు నిమిషాల దూరంలో ఉన్న ఊరు. జనాభా పదకొండు వేలు. కాగితాల మీద సిటీయే గానీ ఉన్నవల్లా ఒక గ్రోసరీ స్టోర్, రెండు స్కూళ్లు, ఒక లైబ్రరీ, ఒక ఫైర్ స్టేషన్. ఆ ఫైర్ స్టేషన్ గురించే ఫోన్. చీఫ్ రిటైర్ అవుతున్నాడు. కొత్త చీఫ్‌ని వెతుక్కుని సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని ఇలాగే నడుపుకోవాలా, లేక చుట్టుపక్కల నాలుగు ఊళ్లకి కలిపి పనిచేస్తున్న కౌంటీ ఫైర్ సర్వీస్‌లో చేరిపోవాలా అన్నది జూన్‌లోగా తేల్చాలి. కౌన్సిల్ ఓటు వేసే ముందు ఊళ్లోవాళ్లు అయిదుగురు అన్నీ చూసి సలహా చెప్పాలి.

"ఫైర్ ఇంజన్ల గురించి నాకేం తెలుసని?" అంది రాధారాణి ఆ సాయంత్రం భర్తతో.

రాకేష్ గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతున్నాడు. "స్టాప్ సైన్ల గురించి మాత్రం ఏం తెలుసు నీకు? వెళ్లి చూశావు, లెక్కపెట్టావు. ఇదీ అంతే. ఆఫీస్‌లో చేసేదీ అదేగా?"

నిజమే. ఫార్మా కంపెనీలో కొత్త మందుల ట్రయల్స్ డేటా చూడటం ఆమె ఉద్యోగం. ఆమెకిప్పుడు నలభై నాలుగేళ్లు. అందులో ఇరవై ఈ దేశంలోనే గడిచాయి. వీసా రెన్యూవల్స్, గ్రీన్ కార్డ్ ఎదురుచూపులు అన్నీ అయ్యాక పోయినేడే సిటిజన్ అయింది. ఊరు తనని ఒక పని అడగడం ఆమెకు లోలోపల సంతోషంగానే ఉంది. ఒప్పుకుంది.

కమిటీ ఛైర్మన్ వాల్ట్ హెండ్రిక్స్. డెబ్బై మూడేళ్ల మనిషి, ఒకప్పుడు ఊళ్లో హార్డ్‌వేర్ షాపు నడిపాడు. ముప్పై ఏళ్లు జీతం లేకుండా వాలంటీర్ ఫైర్‌ఫైటర్‌గా పనిచేశాడు. స్టేషన్ గోడలు ఇటుక ఇటుక పేర్చి కట్టినవాళ్లలో ఆయన తండ్రి ఒకడు. ఆయన ఏ వైపో ఎవరూ అడగనక్కర్లేదు.

రాధారాణి మూడేళ్ల కాల్ రికార్డులు అడిగి తీసుకుంది. రెండు వారాంతాలు కూర్చుని చూసింది. పది కాల్స్ వస్తే అందులో ఎనిమిది మంటలవి కావు. కింద పడ్డవాళ్లు, గుండె నొప్పి, కారు యాక్సిడెంట్లు. మొదటి ఇంజన్ సగటున అయిదు నిమిషాల్లో చేరుతోంది. అది బాగానే ఉంది. రెండో ఇంజన్ అవసరమైతే మాత్రం పదహారు నిమిషాలు పడుతోంది. అదే కౌంటీ సర్వీస్‌లో ఉన్న ఊళ్లలో ఎనిమిది.

ఏప్రిల్ మీటింగ్‌లో ఆ రెండు అంకెలూ స్క్రీన్ మీద పెట్టి, "చేరిపోవడమే మంచిదని నాకనిపిస్తోంది" అని చెప్పేసింది.

వాల్ట్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అక్కడి పాతకాలం వాళ్ల అలవాటు ప్రకారం ఆయన ఆమెను మిస్ రాధా అంటాడు.

"మిస్ రాధా, మీ లెక్క తప్పని నేను అనను. స్టేషన్‌ని ఎప్పుడైనా లోపలినుంచి చూశారా?"

"లేదు."

"ఒకరోజు వెళ్లి వాళ్లతో కూర్చోండి. ఆ తర్వాత కూడా ఇదే మాట అంటే నేను నోరెత్తను."

అడిగిన తీరులో కోపం లేదు. రాధారాణి మేలో ఒక గురువారం ఆఫీస్‌కి సెలవు పెట్టి వెళ్లింది.

డ్యూటీలో ముగ్గురున్నారు. కెప్టెన్ డోరీన్ పైక్, ఇంజన్ నడిపే అతను, ఇంకో ఫైర్‌ఫైటర్. డోరీన్‌కి యాభై ఉంటాయి. పొడగరి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. రాధారాణి చేత ఒక ఫారం మీద సంతకం పెట్టించి, పసుప్పచ్చ జాకెట్ ఒకటి తొడిగించి, "వెనక సీట్లో కూర్చోండి. నేను దిగమన్నప్పుడే దిగండి, నిలబడమన్న చోటే నిలబడండి" అంది.

పొద్దున్నంతా ఇంజన్ కడగటం, గొట్టాలు చూసుకోవడం, మధ్యాహ్నానికి బీన్స్ పొయ్యి మీద పెట్టడం. పదిన్నర దాటాక గోడ మీది స్పీకర్ మోగింది. మాగ్నోలియా లేన్‌లో ఒక పెద్దాయన కింద పడ్డాడు, స్పృహలోనే ఉన్నాడు.

"బ్రామయా" అంది డోరీన్ లేస్తూనే.

రాధారాణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇంజన్ ఎక్కి కూర్చున్నాక గానీ తట్టలేదు, ఆవిడన్నది బ్రహ్మయ్య అని. తన ఫ్రెండ్ త్రివేణి వాళ్ల నాన్న. వరంగల్ నుంచి వచ్చి రెండేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నాడు. దసరాకి వాళ్లింట్లో ఆయనతో మాట్లాడింది కూడా.

ఇంటి ముందు ఆగగానే డోరీన్ గరాజ్ తలుపు పక్కనున్న బటన్ల మీద నాలుగు అంకెలు చూడకుండానే నొక్కింది. తలుపు లేచింది. పగటిపూట ఇంట్లో ఇంకెవరూ ఉండరని త్రివేణే ఆ నంబర్ స్టేషన్‌లో ఇచ్చి పెట్టిందట.

బ్రహ్మయ్య మంచానికీ బాత్రూమ్ తలుపుకీ మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. మెడలో వేలాడే అలారం బటన్ చేత్తో పట్టుకున్నాడు. డోరీన్ ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని నడుమూ తుంటీ తడిమి చూసింది. తర్వాత ఆయన చేతులు పట్టుకుని, "నెమ్మడిగా... నెమ్మడిగా... కాలు... లేవండి" అంది వచ్చీరాని తెలుగులో.

రాధారాణి గుమ్మంలోనే నిలబడిపోయింది.

బ్రహ్మయ్య కుర్చీలో కూర్చున్నాక ఆమెను చూసి మొహం విప్పార్చాడు. "నువ్వెట్లొచ్చినవ్ బిడ్డా వీళ్లతోని?"

"ఊరికే చూద్దామని వచ్చాను బాబాయ్‌గారూ. దెబ్బేమైనా తగిలిందా?"

"ఏం గాలే. నాలుగోసారి ఇది. ఈమె మంచిది. చూసినవా, మన మాట నేర్చుకున్నది. త్రివేణి కాగితం మీద రాసిచ్చింది." ఆయన డోరీన్ వైపు తిరిగి చేత్తో కప్పు ఎత్తినట్టు చూపించాడు. "చాయ్ తాగమను. ఎప్పుడడిగినా వద్దంటది."

రాధారాణి చెప్పింది. డోరీన్ నవ్వి ఇప్పుడూ వద్దంది. ఆయన వేలి నుంచి రక్తం చుక్క తీసి షుగర్ చూసింది. తర్వాత బాత్రూమ్ ముందున్న చిన్న తివాచీని చుట్టి బీరువా మీద పెట్టింది. "ఇది జారుతోందని పోయినసారే తీసేశాను. మళ్లీ ఎందుకు వేసుకున్నారో అడగండి."

"కాళ్లకు చలి పెడతది గద!" అన్నాడు బ్రహ్మయ్య.

"అయితే కింద రబ్బరు ఉన్నది కొనమని వాళ్లమ్మాయికి నేను మెసేజ్ పెడతాను" అంది డోరీన్.

రాధారాణి తెచ్చుకున్న రికార్డుల్లో ఇలాంటివి వందల వరసలున్నాయి. ఒక అడ్రస్, ఒక టైము, 'లేపి కూర్చోబెట్టాం' అన్న ఒక ముక్క. బీరువా మీది తివాచీ అందులో ఎక్కడా లేదు. వాల్ట్ చూసి రమ్మన్నది దీన్నే అనుకుంది. స్టేషన్‌ని ఇలాగే ఉంచాలని చెప్పడానికి ఆమె మనసు అప్పుడే సిద్ధమైపోయింది.

ఇంకా ఆ ఇంట్లో ఉండగానే డోరీన్ భుజం మీది రేడియో పలికింది. ఊరికి తూర్పున, హైవే పక్క టౌన్‌హౌస్‌లో పొగ. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ అంటుకుంది.

వాళ్లు చేరేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. పై కిటికీలోంచి గోధుమరంగు పొగ వస్తోంది. ఇంటావిడ పిల్లిని చంకలో పెట్టుకుని గడ్డి మీద నిలబడింది. ఇంట్లో ఇంకెవరూ లేరని చెప్పింది. డ్రైవర్ పంపు దగ్గరికి వెళ్లాడు. డోరీన్, ఇంకో అతను మాస్కులు పెట్టుకుని గొట్టం లాక్కుని గుమ్మం దాకా వెళ్లారు. అక్కడ ఆగిపోయారు.

రాధారాణి ఇంజన్ పక్కనే, తనని నిలబడమన్న చోట నిలబడి చూస్తోంది. లోపల మనిషి ఉన్నాడంటే తప్ప, మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్లాలంటే వాళ్లకోసం బయట ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ఆ రూల్ ఆమె చదివింది. వీళ్లు ముగ్గురే. డోరీన్ తలుపు బయటినుంచే నీళ్లు కొట్టింది గానీ మంట వెనక గదిలో ఉంది. నీళ్లు అక్కడికి అందడం లేదు.

"అక్కడే నిలబడ్డారేం? లోపలికి వెళ్లరేం?" ఇంటావిడ గట్టిగా అరిచింది. "కళ్ల ముందు కాలిపోతోంటే చూస్తూ నిలబడతారా?"

డోరీన్ వెనక్కి తిరగలేదు. పరుగెత్తబోయే మనిషిలా ఒక కాలు ముందుకు పెట్టి అలాగే నిలబడింది.

కౌంటీ వాళ్ల స్టేషన్ హైవేకి అవతల, రెండు మైళ్లలో ఉంది. కానీ మధ్యలో ఊరి హద్దు ఉంది. హద్దు దాటి ఇంజన్ రావాలంటే వీళ్ల కంట్రోల్ రూమ్ నుంచి కౌంటీ వాళ్లని అడగాలి, వాళ్లు తమ ఇంజన్ ఖాళీగా ఉందో లేదో చూసి పంపాలి. రాధారాణి అలవాటుకొద్దీ, వాళ్లు గుమ్మం దగ్గర ఆగినప్పటినుంచీ వాచీ చూస్తూనే ఉంది. ఏడు నిమిషాల నలభై సెకన్లు. అప్పుడొచ్చింది రెండో ఇంజన్. అందులోంచి నలుగురు దిగారు. వాళ్ల కాళ్లు నేలమీద ఆనీ ఆనకముందే డోరీన్ లోపలికి వెళ్లిపోయింది. పది నిమిషాల్లో మంట ఆరిపోయింది. బట్టలుతుక్కునే గది పూర్తిగా, వంటగది సగం పోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

స్టేషన్‌కి తిరిగొచ్చాక డోరీన్ గొట్టాన్ని నేల మీద పొడుగ్గా పరిచి కడగటం మొదలుపెట్టింది. రాధారాణి రెండో బ్రష్ తీసుకుంది. ఆవిడ వద్దనలేదు.

"పొద్దున బ్రహ్మయ్యగారింట్లో మిమ్మల్ని చూశాక నా సలహా మార్చుకుందామనుకున్నాను" అంది రాధారాణి. "స్టేషన్ మనకి మనమే ఉంచుకోవాలని చెబుదామనుకున్నాను."

"మార్చుకోకండి."

రాధారాణి తలెత్తి చూసింది.

"నాకు నాలుగో మనిషి కావాలి" అంది డోరీన్. "ఆ మనిషి చొక్కా మీద ఏ ఊరి పేరుందో నాకు అక్కర్లేదు. ఇవాళ లోపల ఎవరూ లేరు గనక సరిపోయింది. ఉండుంటే రూల్ ఒప్పుకుంటుంది, వెళ్తాం. కానీ మాకేమైనా అయితే మా వెనక రావడానికి ఎవరున్నారు? మా డ్రైవర్ ఒక్కడు. ఇద్దరు పిల్లలు వాడికి. అది తలుచుకుంటూనే ప్రతిసారీ ఇంజన్ ఎక్కుతాను."

"మరి ఇది మీటింగ్‌కొచ్చి ఎందుకు చెప్పలేదు?"

"వాల్ట్ ఎదురుగానా? నాకు ఇరవై మూడేళ్లున్నప్పుడు ఈ గొట్టం ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయన. ఆడపిల్ల ఎందుకని అందరూ అంటుంటే ఆయనొక్కడే నా వైపు మాట్లాడాడు." డోరీన్ కొళాయి కట్టేసింది. "ఇంకోటి కూడా ఉంది. కలిపాక మమ్మల్ని తలో స్టేషన్‌కీ పంచేస్తారేమోనని భయం. అప్పుడు బ్రామయా గరాజ్ నంబర్ ఎవరికి తెలుస్తుంది?"

శనివారం పొద్దున రాధారాణి వాల్ట్ ఇంటికి వెళ్లింది. ఆయన పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు పాతుతున్నాడు. ముందు తివాచీ సంగతి చెప్పింది. వాల్ట్ సంతోషంగా తలాడించాడు. తర్వాత మంట ముందు గుమ్మంలోనే ఆగిపోయిన కెప్టెన్ సంగతి చెప్పింది. డోరీన్ అనుమతి ముందే తీసుకుంది గనక, ఆమె అన్న మాటలు కూడా చెప్పింది.

వాల్ట్ చేతిలో కర్ర అలాగే పట్టుకున్నాడు. "ఎంతసేపు నిలబడింది?"

"ఏడు నిమిషాల నలభై సెకన్లు."

ఆయన వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

"మా రోజుల్లో సైరన్ మోగితే ముప్పై మంది వచ్చేవాళ్లం. నేను షాపు తలుపు వెయ్యకుండానే పరుగెత్తేవాణ్ణి. నాలుగో మనిషి కోసం ఎన్నడూ ఎదురుచూడలేదు. మంట దగ్గర జనం ఎక్కువై ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకునేవాళ్లం." కాస్త నవ్వాడు. "ఇప్పుడు పగటిపూట ఊళ్లో ఎవరుంటారు? అందరూ మీలాగా రిసెర్చ్ పార్కు ఆఫీసుల్లో ఉంటారు. పాపం డోరీన్. నాకు చెప్పడానికి భయపడిందా?"

"భయం కాదు. మీరంటే గౌరవం."

"రెండూ ఒకటే అయ్యాయిలెండి." ఆయన చేతుల మట్టి దులుపుకున్నాడు. "కాగితం తెచ్చారా?"

తెచ్చింది. వరండాలో కూర్చుని ఇద్దరూ మధ్యాహ్నం దాకా రాశారు. కౌంటీ సర్వీస్‌లో చేరదాం, కానీ ఊరికే చేరొద్దు. స్టేషన్ మూతపడకూడదు. ఏ ఇంజన్ ఎక్కినా ఎప్పుడూ నలుగురుండాలి. ఇప్పుడున్న మనుషుల్ని మూడేళ్ల పాటు వాళ్లడిగితే తప్ప కదపకూడదు. ఊరి హద్దుతో పనిలేకుండా దగ్గరున్న ఇంజనే వెళ్లాలి. ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉంటారో వీళ్లకి తెలిసినదంతా, ఆ ఇళ్లవాళ్లు సరేనంటే, కొత్తవాళ్లకి అప్పజెప్పాలి.

చివర్లో వాల్ట్ కొంచెం మొహమాటంగా, "స్టేషన్ కట్టినవాళ్ల పేర్లు గోడ మీదున్నాయి. వాటికి రంగు వెయ్యొద్దని కూడా రాయొచ్చా?" అని అడిగాడు.

"ఎందుకు రాయకూడదు?" అని రాధారాణి అదీ రాసింది.

జూన్ రెండో మంగళవారం బహిరంగ విచారణకి సిటీ హాల్ నిండిపోయింది. చేరిపోవడం ఇష్టం లేనివాళ్లు చాలామందే వచ్చారు. ఊరి పేరు లేని ఇంజన్ మాకెందుకన్నారు. మొదట వాల్ట్ లేచి, నా మనసు మారింది, ఎందుకు మారిందో చెబుతాను అని మొదలుపెట్టినప్పుడు వెనక వరసల్లో గుసగుసలు వినిపించాయి. ఆయన ఏమీ దాచకుండా చెప్పాడు. డోరీన్ గోడకానుకుని నిలబడి నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత త్రివేణి తండ్రిని నడిపించుకుని మైకు దగ్గరికి వచ్చింది.

"అక్కా, నాన్న మాట్లాడతానంటున్నాడు. నువ్వు ట్రాన్స్‌లేట్ చెయ్యి. నాకు ఏడుపొస్తది" అంది రాధారాణి చెవిలో.

బ్రహ్మయ్య మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "నన్ను నాలుగుసార్లు లేపిన్రు. లేపినోళ్లు ఏ ఊరోళ్లో నేను అడగలే. కింద పడ్డోడు అవన్నీ అడుగుతడా? ముగ్గురు అచ్చిన్రు. నేను ఎనభై కిలోలుంట. నన్ను లేపినంక ఈమె తన నడుము పట్టుకుని లేశి నిలబడుడు నేను చూసిన." ఆయన డోరీన్ వైపు చెయ్యి చాపాడు. "ఆమెకు ఇంకో మనిషిని ఇయ్యిన్రి. మనిషి కొత్తోడైనా ఏం గాదు, మన భాషల రెండు మాటలు నేను వానికీ నేర్పుత. గంతే."

రాధారాణి ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెబుతుంటే ఎనభై కిలోల దగ్గర హాలంతా నవ్వింది. డోరీన్ నడుం దగ్గరున్న చెయ్యి చటుక్కున తీసేసింది. దాంతో ఇంకా గట్టిగా నవ్వారు. ఇష్టం లేనివాళ్లలో అందరూ మెత్తబడలేదు. ఒకాయన, ఇది పొరపాటని మీకు పదేళ్ల తర్వాత తెలుస్తుందని చెప్పి వెళ్లిపోయాడు. కౌన్సిల్ షరతులన్నిటితో సహా నాలుగుకి ఒకటి ఓట్లతో ఒప్పుకుంది. కౌంటీ వాళ్లు మూడేళ్ల మాట దగ్గర కొంచెం గింజుకుని జులైలో సంతకం పెట్టారు.

అక్టోబర్ ఒకటిన నాలుగో మనిషి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు, కుక్కలంటే భయం. మొదటి వారమంతా డోరీన్ అతన్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిప్పింది. ఏ గుమ్మంలో మెట్టు విరిగిందో, ఎవరికి చెవులు వినపడవో, ఏ ఇంట్లో కుక్క ఉందో చూపించింది. కొత్త ఇంజన్ తలుపు మీద కౌంటీ ముద్ర ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో లిండెన్‌ఫర్డ్ అని కూడా రాయించారు. అది ఎవరూ అడగలేదు, కౌంటీ వాళ్లే చేశారు.

నెల తర్వాత రాధారాణి లెక్క చూసింది. రెండో ఇంజన్ సగటు తొమ్మిది నిమిషాలకి దిగింది. తను చెప్పిన ఎనిమిది కాదు. ఎందుకో చూడాలని పక్కన రాసుకుంది గానీ, ఆ రోజుకి తొమ్మిది చాలనిపించింది. డోరీన్‌కి ఫోన్ చేసి చెప్పింది. "ఇక్కడ లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. నిన్న మా డ్రైవర్ డ్యూటీలో ఈల వేశాడు, ఎన్నేళ్లయిందో విని" అంది ఆవిడ.

కమిటీ పని అయిపోయిందని నవంబర్ మొదటి ఆదివారం వాల్ట్ అందరినీ ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన పోర్క్ కాల్చాడు. రాధారాణి తను తినదు గనక ఒక పెద్ద గిన్నెడు పులిహోర చేసి పట్టుకెళ్లింది, రాకేష్ అప్పడాలు వేయించాడు. పెరట్లో ఎండ హాయిగా ఉంది. వాల్ట్ మొదట చెంచాడు వడ్డించుకుని అనుమానంగా రుచి చూశాడు. తర్వాత ప్లేటు నిండా పెట్టుకున్నాడు. మూడోసారి గిన్నె దగ్గరికి వచ్చినప్పుడు, "మిస్ రాధా, ఈ పులుపు దేనిది? నిమ్మకాయ కాదు" అన్నాడు.

"చింతపండు" అంది రాధారాణి.

ఆయనకి ఆ మాట పలకడం రాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన మళ్లీ ప్రయత్నించాడు. పక్కన రాకేష్ అప్పడం విరుస్తూ, "ఇంకోసారి చెప్పించు, దగ్గరికొచ్చాడు" అన్నాడు.